ఎడమపక్క రాయని బండ

బాణం గుర్తుకు ఎడమపక్క ఉండేటివన్నీ
పొద్దున్నే నేను సర్దుతా.
కుడిపక్క ఉండేటివన్నీ
సాయంత్రం నేనే కడుగుతా.
నడాన ఉండే ఆ గీత మాత్రం
సారుదీ, పిల్లోల్లదీ.

ఎర్రగుంట్ల హైస్కూల్లో
ఇరవై ఆరేండ్లుగా ల్యాబు అటెండర్ని.
చదివింది ఏడు. తప్పింది ఎనిమిది.
సీసాల మీది చీటీలు
మొదట్లో కూడబలుక్కుని చదివేవాణ్ణి,
ఇప్పుడు మూత తీయకముందే ముక్కు చెప్తాది.

కడిగి కడిగి తెలుసుకున్నా కొన్ని.
మైలుతుత్తం నీళ్ళల్లో ఇనప మేకు వేస్తే
మర్నాటికి నీలం వెలిసి లేతాకు రంగుకొస్తాది,
మేకు రాగి చొక్కా తొడుక్కుంటాది.
అదే రాగి తీగను ఇనుముప్పు నీళ్ళల్లో వేస్తే
మర్నాడు రాగి తీగే. ఎల్లుండీ రాగి తీగే.
పిల్లోల్లు ఈ ప్రశ్న కాడే బోల్తా పడతారు,
బాణం గీసినాక ఏదో ఒకటి పుట్టాల్సిందే అనుకుంటారు.
'చర్య జరగదు' అని రాసేదానికి
శానా ధైర్యం కావాల.

సీసం నీళ్ళు, అయొడైడు నీళ్ళు,
చూసేదానికి రెండూ కుండలో నీళ్ళ మాదిరే.
కలిపిన గడియకు పసుపు,
పెండ్లింట్లో దంచినట్ల అడుక్కి దిగుతాది.
ఆ గొట్టాలు కడిగిన రోజు
అన్నం ముందర నాలుగుసార్లు సబ్బు.

చెన్నకేశవ సారు పద్ధతి వేరే.
"కుడిపక్క రాయండి, తర్వాతే పోయండి" అంటాడు.
రాసినంక పోస్తారు. పోసినంక కొట్టేస్తారు.
నోటుబుక్కుల నిండా కొట్టివేతలే,
సారుకు అయ్యే ఇష్టం.

మొన్న ఫిబ్రవరిలో
పదో తరగతి ఓబులేశ్వరి.
జింకు ముక్కల మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం.
జింకు క్లోరైడు, హైడ్రోజన్ అని రాసింది.
అగ్గిపుల్ల చూపిస్తే 'టప్' మంటాదని
పక్కన చిన్నగా రాసింది.
అంతా సరే. చెయ్యే జారింది.
బల్ల మీద పడింది ఆమ్లం.
నల్ల కడప బండ, అద్దం మాదిరి పాలీసు,
పడిన చోట చుయ్‌మని పొంగింది
కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్ల.

సోడాపొడి డబ్బా పట్టుకుని ఉరికినా.
సారు తిట్టేదానికి నోరు తెరిచినాడు.
ఆ పిల్ల వంగి
బుడగల్నే చూస్తాంది.
"సార్," అనింది,
"ఎడమపక్క మనం బల్లను రాయల్యా."

తెరిచిన నోరు తెరిచినట్లే.

"మా నాయన కోసేది ఈ బండే సార్, నిడుజివ్వి గనిలో.
ఇదీ సున్నపురాయే.
ఆమ్లం ఊరికే పెడతాదా?"

సారు సుద్దముక్క తీసుకున్నాడు.
జింకు కింద కాల్షియం కార్బొనేట్ అని రాసి,
బాణం గీసి,
కుడిపక్క ఖాళీ పెట్టి జరిగి నిలబడినాడు.
ఆ పిల్ల చెప్పింది: కాల్షియం క్లోరైడు, నీళ్ళు,
కార్బన్ డయాక్సైడు.
"ఇంగ బల్ల ఖర్చు సార్" అన్నాడు వెనక ఎవడో.
సారు కూడా నవ్వినాడు.

మచ్చ అట్లనే ఉంది.
రూపాయి బిళ్ళంత. గరుకుగా, బూడిద రంగు.
గుడ్డతో తుడిచేటప్పుడు
నా వేలు ఆడికొచ్చి నిలబడతాది.
ఇన్నేండ్లు తుడిచినా గానీ
ఇదీ ఒక సామానేనని తోచల్యా నాకు.
సామాను పెట్టే చోటనుకుంటి.

ఆ రాత్రి ఇంటికాడ
అరుగు బండ మీద నిమ్మకాయ పిండబోయి ఆగినా.
"హుసేనమ్మా, ఇట్ల రా.
ఇప్పుడు బుడగలొస్తాయి చూడు."
ముందే చెప్పినా. పిండకముందే.
"సంతలో నిమ్మకాయ ఏమమ్ముతాందో తెల్సునా నీకు?" అంటానే
కొంగు దోపుకుని పక్కన కూచుంది.
సెల్లు లైటు పట్టినా.
శానాసేపు ఏమీ ల్యా.
తర్వాత ఒకటి, ఆవగింజంత.
ఇంకొకటి.

"అదేందబ్బా," అనింది,
"రాయి ఊపిరి తీసుకుంటాందే."

"తీసుకోడం కాదు. ఇడుస్తాంది"
అని దిద్దినా,
సారు మాదిరి.