ఎనుక మొగం

శివరాత్రి ఎల్లినంక, పత్తి కట్టె పీకుడు గూడ అయినంక
మేస్త్రి బాపురావు తుఫాన్ బండి మాట్లాడిండు.
కాగజ్‌నగర్ నుంచి ఓరుగల్లు.
వెయ్యి స్తంభాలు, కోట, ఆఖరికి పులి.
"పులా?" అన్నది సుంగుబాయి,
"పైసలు పెట్టి సూసుడా?"

టికెట్టు నూట ఇరవై.
నాకు రూపాల లెక్క రాదు, కిలోల లెక్కనే.
కిలోకు పన్నెండు. అంటే పది కిలోల పత్తి.
పది కిలోలంటే మంచు ఆరినప్పటి సంది
అంబలి తాగే ఏళ దాక
వంగిన నడుము లేవకుంట.

జాలి కట్టిన బస్సు.
ఒక గేటు తీసిండ్రు, మేం లోపలికి పోయినంక మూసిండ్రు,
అప్పుడు గాని రెండోది తెరువలే.
మా చేన్లకు ఒక్క గేటు గూడ లేదు.

"దీని పేరు గౌరి" అన్నడు డ్రైవరు, పడుసు పిలగాడు.
"రోజుకు ఏడు కిలోల మాంసం.
సోమారం మాత్రం ఒక్కపొద్దు."
బస్సంత నవ్విండ్రు.
నాన్నుబాయి ఒక్కతే నవ్వకుంట అడిగింది:
"ఇయ్యాల ఏం వారం కొడుకా?"

మా దిక్కు తిరిగిన దానికి పేరు లేదు.
సార్ల కాయితంల ఒక అక్షరం, ఒక నెంబరు.
దాని కోసమే కార్తీకంల మాకు మొగాలు పంచిండ్రు.
ప్లాస్టిక్ మొగాలు. ఎర్ర పెదవులు, సన్నటి మీసం.
రబ్బరుతోని ఎనుకకు కట్టుకొమ్మన్నరు.
మనిషి మొగం సూస్తే పులి మీదికి రాదట,
వీపు సూస్తేనే అస్తదట.
ముప్పై మందిమి ఆడోళ్లం
మీసాల మొగాలు ఎనుక పెట్టుకొని
సాళ్లు పట్టి వంగినం.
ముందర సాలుల సుంగుబాయి తల మీదికెల్లి
ఎవడో మొగోడు నన్నే సూసి నవ్వుతుండె.
మేం గూడ నవ్వినం.
మొదటి మూడొద్దులు.

నాలుగో రోజు లచ్చుబాయి రబ్బరు తెగింది.
"రేపు దారం కట్టుకుంట తియ్" అని
ఒడిల, ఏరిన పత్తి మీద పెట్టుకున్నది.
ఆ మొగం ఆకాశం దిక్కు సూసుకుంట ఉన్నది.

దాని సాలు ఎవ్వలం ఏరలే.
కట్టె పీకేదాక తెల్లగనే ఉండె.

"ఎడమకు, ఎడమకు!" అన్నడు డ్రైవరు.
బస్సంత ఒక్క పక్కకు ఒరిగింది.
నేను కుడి దిక్కు కూసున్న, వీపు అటు పెట్టి.
మెడ మీద ఎంట్రుకలు లేసినయ్.
మొగం తెచ్చుకోలే. ఇంట్ల గోడ మొలకు ఏలాడుతున్నది.
ఇగ నేనే తిరగాలె.

తిరిగిన.
సిమెంటు తొట్టి కాడ నీళ్లు తాగుతున్నది.
నాలుక సప్పుడు జాలిలకెల్లి ఇనబడ్డది,
ఇంత పెయ్యి ఉండి
పిల్లి పాలు నాకినట్టే.
మోచేతి కాడ బొచ్చు పోయి, తోలు నల్లగ కాయ కాసింది.
నా మోచేతి అసొంటిదే.
అర్జుగాడు నా కొంగు పట్టుకొని ఊపిరి బిగవట్టిండు.
కండ్లల్ల కండ్లు పెట్టి సూస్తదేమో అనుకున్న.
అడుగుదామనుకున్నది ఒకటుండె.
అది మమ్ములను లెక్కనే చెయ్యలే.
దూప తీరినంక
తల అటు తిప్పి నడిసింది.

అప్పుడు కనబడ్డయ్.
చెవుల ఎనుక, నల్లటి దాంట్ల
రెండు తెల్ల మచ్చలు, గుండ్రంగ, రెప్ప లేకుంట.
పోతనే ఉన్నది
మమ్ములను సూస్తనే ఉన్నది.

"అత్తా," అన్నడు అర్జుగాడు సన్నగ,
"దీనికి ఎవలు పంచిండ్రు?"

మంచిర్యాల దాటినంక అందరు పండుకున్నరు.
ముందర సీట్ల సుంగుబాయి తల ఒక దిక్కు వాల్చింది.
దాని ఎనుక ఇప్పుడు ఏ మొగం లేదు,
కొప్పు, కొప్పుల వాడిన బంతిపువ్వు, అంతే.
ఊరచ్చేదాక
నేను అటే సూసుకుంట కూసున్న.