అడ్డంగా పెట్టిన వేలు

సెనెగల్ నది సముద్రాన్ని తాకేచోట, ఉత్తరపు గట్టు మీద
తూము చక్రం నా చేతికిచ్చి
"జులైలో ఒక్కసారే ఎత్తెయ్" అన్నాడు ఇంజనీరు.
ఎత్తేవాణ్ణే.

చాపలల్లే సల్కా గాడిద దిగింది.
మడుగు అడుగున మిగిలిన నీళ్లు చారెడు తీసి
పుక్కిలించి ఉమ్మింది.
"ఉప్పు.
ఆనకట్ట నది గొంతు నొక్కిన ఏడాది
గడ్డి దాహంతో చచ్చింది,
నా చేతులు ఊరికే కూర్చున్నాయి.
ఇప్పుడు నువ్వు ముంచి చంపకు."
మరెంత?
కొలబద్ద మీద వేలు అడ్డంగా పెట్టింది.
రోజుకు అంత.

మొదటి మూడు రోజులూ నీళ్లే కనబడలేదు.
బీటల్లోంచి బుడబుడమని గుటకల చప్పుడు, అంతే.
తర్వాత ఓ రాత్రి కప్ప, ఒక్కటే,
నమ్మకం కుదరనట్టు రెండుసార్లు అరిచి ఊరుకుంది.
తలుపు కింది సందులోంచి సముద్రపు చేపపిల్లలు
వెండి పొట్టులా దూరాయి.
గూడబాతులు నా లెక్కల పుస్తకం తనిఖీకి వచ్చినట్టు దిగాయి.
నల్లతుమ్మ మొదళ్లు తడిశాయి.
మేకల దారి మునిగిందని సిదాతి
గట్టు మీద నిలబడి నన్ను తిట్టిపోశాడు.
అదీ నిజమే.
చుట్టుతిరిగి పోవాలిప్పుడు, ఆరు మైళ్లు.

చలికాలం సల్కా చాప తెచ్చి తూము పక్కన పరిచింది.
సన్నటి తోలు దారం, కొత్త గడ్డి వాసన.
ఒక అంచు వేలి వెడల్పున అల్లకుండా వదిలేసింది.
"తక్కువైందే" అన్నాను.
"అది వచ్చే ఏటి నీళ్లల్లో ఉంది" అంది,
నా చక్రం పళ్లకు పట్టిన తుప్పు చూస్తూ.