ఇరవయ్యేడూ డెబ్బైరెండూ

టిమారూ పట్నం చివర, సముద్రం వినబడుతుంది గానీ
కనబడదు.
నూటపది ఇళ్లు, ఒకే తానులోంచి కత్తిరించినట్టు.
అదే బూడిదరంగు కప్పు, అదే తెల్లకిటికీ,
వాకిట్లో అదే లావెండర్ మొక్క, అదీ ఒకే ఎత్తు.
నాకిచ్చింది ఇరవయ్యేడు.

మొదటి రాత్రి స్నానాలగదిలో
దీపం తాడనుకుని ఇంకో తాడు లాగాను.
మూడు నిమిషాల్లో ఒక కుర్రనర్సు
రొప్పుతూ వచ్చి నిలబడింది.
"పడిపోయారా, నోలీన్?"
లేదమ్మా, వెలుతురు కోసం, అన్నాను.
ఆ తర్వాత ఏం మాట్లాడాలో
మా ఇద్దరికీ తోచలేదు.

ఎనిమిదిమంది కూచునే బల్ల అమ్మేశాను.
దాని సొరుగులో దొరికిన తాళంచెవి మాత్రం తెచ్చుకున్నా.
ఏ తాళానిదో తెలీదు.
తెలీని దాన్ని ఎలా పారేస్తాం?
రూబార్బ్ దుంప కూడా తెచ్చా, బకెట్‌లో, పాతమట్టితో సహా.
ఆఫీసావిడ నిబంధనల పుస్తకం తెరిచి
పద్నాలుగో పేజీ నెమ్మదిగా చదివి వినిపించింది:
తినే మొక్కలు పెరటివైపే, మీటరు మించకుండా.
దుంపకి చదువు రాదు.
జూలై చలిలో ఎర్రటి ముక్కు బయటపెట్టి
మీటరు ఎటు మించాలా అని చూస్తోంది.

మూడో గురువారం దక్షిణపు గాలి,
వానకి కళ్లజోడంతా నీళ్లు.
ఇంటికొచ్చా. బూట్లు విప్పా. పాలసీసా ఫ్రిజ్‌లో పెట్టబోతే
లోపల ఇంకో సీసా ఉంది.
ఇంత వెన్న నేనెప్పుడు కొన్నాను?
ఆవాల డబ్బా ఎవరిది?
ముందుగదిలోంచి ఒక గొంతు:
"నీలిమూత పాలా, ఆకుపచ్చ మూతవా?"

డెబ్బైరెండో నంబరు. రూబెన్ తఫాయ్.
రైలుపెట్టెల చక్రాలు సుత్తితో కొట్టి
చప్పుడుని బట్టి పగులు చెప్పేవాడట ఒకప్పుడు.
మేజోళ్ల కాళ్లు హీటరుకి చాపుకుని
మాట తీసేసిన టీవీలో గుర్రప్పందెం చూస్తున్నాడు.
"ఈ వారం మీరు మూడోవారు.
మొదటాయన ఏకంగా నా మంచమ్మీద పడుకున్నాడు.
కూచోండి, కెటిల్ ఎక్కడుందో
మీకు చెప్పక్కర్లేదుగా."

అక్కర్లేదు.
మా ఇంట్లో ఉన్నచోటే ఉంది.

టీ ఇస్తూ అతని స్వెట్టరు మోచెయ్యి పట్టుకున్నా,
అలవాటు చొప్పున.
కోరిడేల్, అన్నాను, యంత్రమ్మీద అల్లింది కాదు.
ముప్పై ఎనిమిదేళ్లు కత్తెరల షెడ్లలో నిలబడి
ఉన్ని రకాలు తేల్చిన వేళ్లివి.
గొర్రె కరువు చూసిన ఏడాది
పోగులో ఒకచోట సన్నబడుతుంది, కంటికి ఆనదు.
రెండు కొసలూ పట్టి, చెవి దగ్గర మీటితే
అక్కడే తెగుతుంది.

"మనుషుల్ని కూడా అలా చెప్పగలరా?"
లాగి చూడాలి, అన్నాను.
అతను నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు.
పందెం ఎవరు గెలిచారో ఇద్దరం చూడలేదు.

ఇంటికొచ్చి, నమూనాల డబ్బాలోంచి
చిక్కటి మెరీనో కుచ్చు ఒకటి తీసి
తలుపు పిడికి కట్టాను.
ఆఫీసు నుంచి చీటీ వచ్చింది, మర్యాదగానే:
తలుపులకి అలంకారాలు వద్దు.
అలంకారం కాదు, చిరునామా, అని
వెనకవైపు రాసి పంపాను.
జవాబు ఇంకా లేదు.
ముప్పైఒకటో ఇంటికి మాత్రం
నిన్నటి నుంచీ ఒక చెంచా వేలాడుతోంది.

రాత్రి మళ్లీ లేచాను.
రెండు తాళ్లూ పక్కపక్కనే.
ఒకటి ఎరుపని పగలు చూసి గుర్తుపెట్టుకున్నా,
చీకట్లో రంగెక్కడిది?
ఒకదాన్ని వేళ్ల మధ్య నలిపా. నైలాను.
రెండోది నూలు, పాతబడి కాస్త మెత్తగా,
నాకంటే ముందున్నవాళ్లు
ఎన్ని రాత్రులు లాగారో.

లాగాను.
వెలుతురొచ్చింది.
ఎవరూ రాలేదు.