నూనె చివరి బొట్టు

నల్లబట్టలు కట్టి ఇళ్ళ కప్పుల మీద ఎగురుతారట నింజాలు,
వీధి పిల్లలు చెప్పుకుంటారు.
వింటూ నవ్వి, కొలపాత్ర వంచుతాను.
ఇరవై శీతాకాలాలు ఈ కోట కింద వీధిలో
దీపపు నూనె అమ్మాను.
ఎగరడం సంగతి అటుంచి
మెట్లెక్కితే మోకాళ్ళు కటకటమంటాయి.

ఇగా కొండల్లో మా పెదనాన్న నేర్పింది ఒకటే విద్య:
నూనె తొందరపడదు.
ధార సన్నబడి, దారమై,
దారం తెగి బొట్టు బొట్టయ్యేదాకా
కొన్నవాడు కదలడు. ఆఖరి బొట్టూ తనదే కదా!
ఆ కాస్త సేపూ చేతికి పని లేదు, నోటికి పని లేదు.
మనిషి లోపలిది ఆ సందులోనే జారుతుంది.
"నువ్వు అడగకు, బొట్టు అడుగుతుంది" అనేవాడు.

అలా తెలిసింది నాకు
తూర్పు వసారా కాసే సమురాయ్ హన్నొజో కత్తి సంగతి.
అరువు నూనెకు వచ్చి, అరుగు మీద కూర్చోబోతూ
నడుములోంచి ఒర తీసి పక్కన పెట్టాడు.
ఉక్కు బరువు చెక్కను తాకే చప్పుడు వేరు.
ఇది ఎండుకట్టె పెట్టిన చప్పుడు.
తాతనాటి ఉక్కు తాకట్టు కొట్లో ఉంది,
ఒరలో ఉన్నది వెదురు బద్ద.
అయినా వెన్ను నిటారు,
నోట్లో పళ్ళు కుట్టుకునే పుల్ల,
ఇప్పుడే భోంచేసి వచ్చినవాడిలా.
పొట్ట మాత్రం నిజం చెప్పింది, గురగురమని.
లేని కుక్కను గట్టిగా అదిలించాను,
వినలేదని అతను అనుకోవాలని.

ఆ చలికాలమే ఎండు ముల్లంగి కట్టలో మడిచి
మావాళ్ళ చీటీ వచ్చింది:
వసారా దాటే దారి రాయి.

దారి లేదు.
వడ్రంగి తొమెకిచి వేసిన నేల అది.
పలక కింద ఇనుప బద్ద, బద్దలో మేకు,
పిల్లి నడిచినా రెండూ రాసుకుని
ఉగుయిసు పిట్టలా కూస్తాయి.
ప్రభువు నిద్రకు ఆ కూతలే కాపలా.
తొమెకిచి కూడా నా దగ్గరే కొనేవాడు.
బొట్లు రాలుతుంటే పాత్ర అంచునే చూసేవాడు, అంతే.
అతని దగ్గర మా పెదనాన్న విద్య ఓడిపోయింది.

మరి అర్ధరాత్రి నీళ్ళు మోసే ఓకినే?
పదకొండేళ్ళ పిల్ల. ఆమె నడిస్తే పిట్ట కూయదేం?
"మొదట్లో కూసేది మామా" అంది, కూజా చాపి.
"నిద్ర చెడగొట్టానని వాతలు పెట్టేవారు.
వడ్రంగి తాత మరమ్మతుకొచ్చి నా కాళ్ళు చూశాడు.
ఏమీ అనలేదు. మర్నాడు పిలిచి
రెండు పలకలు తొక్కు, ఒకటి వదులు,
గోడ పక్కది తొక్కు అన్నాడు."
చివరి బొట్టు రాలింది.
కూజా ఎత్తుకుని వెళ్ళిపోయింది,
కోట తాళంచెవి నా గుమ్మంలో మరిచిపోయి.

ఆ రాత్రి నా దీపంలో నా నూనే కాల్చాను, చాలాసేపు.
రాస్తే పది మాటలు.
వాటి అవతల
ముసలి వడ్రంగి మెడ, పిల్ల మెడ,
వెదురు దూసి నిలబడే హన్నొజో.
నిలబడతాడు, అదే నా భయం. పారిపోయే రకం కాదు.
నేను మంచివాణ్ణని కాదు.
అంతకుముందు రెండు ఊళ్ళలో రాయవలసింది రాశాను.
ఆ ఊళ్ళ పేర్లు ఇప్పటికీ నోట రావు.
కుంచె ముంచాను:
"నేలంతా కూస్తుంది. కాపలావాడి కత్తి బరువైనది."

నమ్మారో లేదో. మళ్ళీ ముల్లంగి రాలేదు.
ఎదురుచూస్తూ చూస్తూ
నిజంగానే నూనెవాణ్ణయిపోయాను.

నిన్న మంచు కురిసింది.
ఓకినే వచ్చింది, వీపున కొడుకు.
కోట కొలువు మాని ఎన్నేళ్ళో.
బియ్యం ధర, పిల్లాడి దగ్గు,
ఆఖరి బొట్టుదాకా చెప్పి, వీధి దాటింది.
తలుపు మూయబోతూ మంచులో అడుగులు చూశాను:
రెండు, ఒక ఖాళీ, గోడ వైపు ఒకటి.
రెండు, ఒక ఖాళీ...

చీపురు తీసుకుని
మలుపుదాకా ఊడ్చేశాను.