కొలత

నౌపడాలో మారి గుణుపురం రైలెక్కినప్పుడు
ట్రంకుపెట్టె అడుగున బైబిలు,
దాని మీద గాజు స్లైడ్ల డబ్బా.
రెంటికీ కలిపి ఒకే పాత చీర చుట్టాను.

మలేరియా ప్రాజెక్టు ఉద్యోగం.
కిటికీలోంచి వంశధార కనబడే గది.
నీళ్ళెప్పుడొస్తాయో, గ్యాసెక్కడ దొరుకుతుందో
ఇంటావిడ సగం ఒడియాలో సగం తెలుగులో చెప్పింది.
ఆదివారం సంగతి మాత్రం
నన్నే వెతుక్కోమంది.

మొదటి వారం, సిమెంటు కొట్టు మేడమీద తెలుగు ఆరాధన.
ముప్ఫై మందికి నాలుగు స్పీకర్లు.
దేవుడికి చెవుడొచ్చిందేమోనని దిగులేసింది.
కొత్తవాళ్ళని నిలబడమన్నారు. నిలబడ్డాను.
"ఏ ఊరమ్మా?"
చెప్పాను.
"ఏ మిషను?"
చెప్పాను.
"ఊళ్ళో మీ ఇళ్ళు ఎటువైపు?"
ఆ మాట మైకు ఆపాక అడిగాడు పాస్టరు.
క్రీస్తులో అందరం ఒకటేనని
అప్పటిదాకా గంటసేపు చెప్పిన నోరే.
"పొద్దు పొడిచే వైపండీ" అన్నాను.
లెక్క తేలలేదు ఆయనకి.
నవ్వి, కానుక కవరు చేతిలో పెట్టాడు.

రెండో వారం ఒడియా బాప్టిస్టు గుడి.
పాత గంట, ఎత్తు కప్పు, చల్లటి గచ్చు. నచ్చింది.
మాట సగమే అర్థమైంది, అదీ నచ్చింది.
సాక్ష్యాల వేళ ఒకావిడ పిల్లాణ్ణి ఎత్తి చూపించింది,
తొమ్మిది రోజుల జ్వరం ప్రార్థనకే పోయిందని.
ఆ పిల్లాడి నెత్తురు నాకు తెలుసు.
బుధవారం, స్లైడు నంబరు నూట పద్నాలుగు.
ఎర్రకణాల్లో చిన్న చిన్న ఉంగరాల్లా పురుగు.
మూడు రోజుల మాత్రలు నేనే లెక్కపెట్టి ఇచ్చాను.
దేవుడు చెయ్యలేదనను.
మాత్రనీ ఓసారి తలుచుకుంటే
ఆయనేం చిన్నబుచ్చుకోడు కదా అంటాను.
అనలేదు.
ఆమెన్ అన్నాను, అందరికన్నా ఆలస్యంగా.

మూడో చోటి గురించి చెప్పను.
గాజులు తీసి రమ్మన్నారు.

నాలుగో ఆదివారం ఎక్కడికీ వెళ్ళలేదు.
దుప్పట్లు ఉతికాను. మెంతి కారం నూరాను.
సరిగ్గా పదిన్నరకి
చేతులు వాటంతటవే కొంగు నెత్తిమీదికి లాక్కున్నాయి.

అక్క ఫోను: "సంఘం దొరికిందా?"
"చెప్పుల కొట్టా అక్కా, తొడిగి చూసుకోడానికి?"
"నువ్వు చేస్తున్నది అదే కదే" అంది.

ఆ తర్వాత పుట్టాసింగి దారిలో
రక్తం నమూనాలకని వెళ్ళి, వానకి చిక్కి, ఆగిపోయాను.
తెల్లారితే ఆదివారం.
ఆశా కార్యకర్త సుసారి రైతా వెంటబెట్టుకుపోయింది.
రేకుల కప్పు. అలికిన నేల. చాపలు.
సవర భాష, ఒక్క ముక్క రాదు.
యేసు పేరు మాత్రం
సంతలో తెలిసిన మనిషి చెయ్యెత్తినట్టు
మధ్య మధ్య కనబడేది.

ఆ వానల్లో ఆ ఊళ్ళో ఇద్దరు పిల్లలు పోయారు.
ఒకడి తండ్రి ప్రార్థన మధ్యలో లేచాడు.
ఏదో అడిగాడు.
అడగడమా అది, రాయి విసరడం.
సంఘపెద్ద ఎలియాజరు గమాంగో పుస్తకం మూశాడు.
చాలాసేపు
రేకుల మీద ఏదో పిట్ట నడిచిన చప్పుడు.
ఆయన తన భాషలో రెండే మాటలన్నాడు.
నాకూ తెలియాలనేమో, ఒడియాలో మళ్ళీ:
"ము జాణినీ."
నాకు తెలీదు.

వచనం వెతకలేదు.
పాపమనలేదు, పరీక్ష అనలేదు.
వెళ్ళి ఆ తండ్రి పక్కన చాపమీద కూలబడ్డాడు.

పన్నెండేళ్ళుగా లెన్సు మీద కన్నానించి
ఆ మాట లోలోపల అనుకుంటూనే ఉన్నాను.
గుడిలో వినడం అదే మొదలు.

ఇదే నా సంఘమని రాసివ్వలేను.
అక్కడా ఆడవాళ్ళు వెనకే కూర్చుంటారు.
పెద్దాయన నా ఉద్యోగం కన్నా
నా పెళ్ళి గురించే ఎక్కువ ఆరా తీశాడు.
ఆదివారం బస్సు ఒక్కటే, అదీ నమ్మకం లేదు.

పోయిన వారం మళ్ళీ వెళ్ళాను, ఆలస్యంగా.
చాపలు నిండిపోయి ఉన్నాయి.
చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడితే
ఓ ముసలామె, మూసిన కళ్ళు తెరవకుండానే,
పేరడక్కుండా, ఊరడక్కుండా,
కాస్త జరిగింది.