పలకని హెచ్

ఆటర్‌క్లిఫ్‌లో మూడు రోజులుగా ఒకటే ముసురు.
బేకరీ ముందు నల్లపలక మీద
బ్రైయనీ సుద్దముక్కతో రాసింది:
'మీ ఆకలిని వెట్ చేసుకోండి.
మటన్ పై, బఠానీల గుజ్జుతో.'

కిటికీ పక్క బల్ల క్లెమ్ డంగ్‌వర్త్‌ది.
నలభై మూడేళ్లు సానచక్రం మీద వంగి వంగి
వీపు కొడవలైపోయిన మనిషి.
నోరా పోయిన దగ్గర్నుంచీ టీ తప్ప ఏదీ అడగడు.
నాలిక చచ్చిపోయింది, అంటాడు,
ఎవరిదో మొండికత్తి సంగతి చెప్పినట్టు.

ఆ పూట పలక చూసి లేచాడు.
వానలోకి టోపీ లేకుండా వెళ్లి
సగం వేలు లేని చేత్తో
డబ్ల్యూ పక్కన, చోటు లేనిచోట
ఒక హెచ్ ఇరికించాడు.

'పలకని అక్షరం ఉంటే ఎంత, లేకపోతే ఎంత?' అంది పిల్ల.
'లేకపోతే తడపడం. ఉంటే నూరడం.
మా తాత కూలీ, మా నాన్న దగ్గూ
అన్నీ ఆ అక్షరంలోనే ఉన్నాయి.
ఏదీ, నీ కత్తి ఇటివ్వు.'

కోటు జేబులోంచి రాయి తీశాడు,
వాడిన సబ్బుబిళ్లలా నడుమ గుంటపడిన రాయి.
అందరూ చూస్తుండగానే దానిమీద ఉమ్మేశాడు.
'ఛీ! తడపడం కాదన్నావుగా!'
'తడపకుండా ఎవడు నూరతాడు?'

వరసలో నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను.
నా భాషలో ఈ తగువే లేదు.
కత్తి అంచుకీ పదునే,
వాన పడి నాగలి దిగే నేలకీ పదునే.
మేం కత్తులు నూరేది పగకి,
కారాలు మిరియాలు నూరేది కోపానికి,
ఆకలికి మాత్రం నోరూరితే చాలు.
ఇదంతా వాళ్లకెలా చెప్పను?
చిల్లర లెక్కపెట్టుకున్నాను.

సర్ర్... సర్ర్...
కొట్టులో మాటలు ఆగాయి.
క్లెమ్ కళ్లు మూసుకున్నాడు.
పన్నెండు కొట్టేముందు ఆఖరి కత్తికి ఇదే చప్పుడట,
ఆ వెనకే నోరా తెచ్చిన డబ్బా మూత చప్పుడట.
చెబుతూ చెబుతూ గుటక మింగాడు.

పదును చూడ్డానికని పై మీద కత్తి పెట్టాడు.
పొర పొడి రాలకుండా దిగింది.
ఆవిరి అతని కళ్లద్దాలు కప్పేసింది.
కత్తికి అంటిన ముక్కని
వేలితో తీసి నోట్లో వేసుకుని
చాలాసేపు నమిలాడు.

'ఉప్పు తక్కువ,' అన్నాడు.

బ్రైయనీ ఉప్పుడబ్బా కోసం పరిగెత్తింది,
దారిలో ఎవరి టీనో ఒలకబోసి.

బయట వాన
అన్నిటికంటే ముందు హెచ్‌నే చెరిపింది.
ఎవరూ లేచి దిద్దలేదు.