మణికట్టు దాకా

మందు ఎక్కించక ముందే మాట్లాడుకున్నాం.
చెయ్యి కావాలంటే నువ్వే అడగాలి,
అదీ మణికట్టు దాకానే,
వదలమంటే ఆ క్షణమే వదిలేస్తాను.
కొమర దానయ్య నవ్వాడు.
"ఏటమ్మా, సేపల బేరమా, ముందే తూకం?"
అవునన్నాను.
కాసేపయ్యాక తక్కెడ నీ చేతిలో ఉండదు కనక.

నాగావళి వైపు కిటికీకి దుప్పటి కట్టాం.
డే అండ్ నైట్ జంక్షన్ ఆటోల రొద
దుప్పటిని లెక్కచెయ్యదు.
పొట్నూరు డాక్టరుగారు బీపీ చూసి
కెటమిన్ కొలత రెండుసార్లు పైకి చదివారు.
తలుపు దగ్గర స్టూలు మీద నర్సు హేమసుందరి.
గదిలో మూడో మనిషి ఎప్పుడూ ఉండాలి.
మా మంచితనం మీద
మేం ముందే పెట్టుకున్న అనుమానం అది.

పది నిమిషాలకి దానయ్య
భావనపాడు రేవు దాటేశాడు.
నాకు కనిపించని నీళ్ళు.
ఊపిరి లెక్కపెట్టడం తప్ప పని లేదు.
పని లేకుండా కూర్చోవడం నేర్చుకోడానికే
నాకు ఆరేళ్ళు పట్టింది.

బూర్జ వైపు మా మామ్మ పారమ్మకి
ఇదంతా ముందే తెలుసు.
ఎవరికైనా అమ్మోరు పూనితే
పొయ్యికీ ఆ మనిషికీ మధ్య నిలబడేది,
రుబ్బురోలు మీద గోనె కప్పేది.
సందు చూసుకుని ఎవరైనా
తన ఇంటి తగువు అడగబోతే
"ఒల్లకోండి. ఆ మడిసిప్పుడు తలుపు తీసున్న ఇల్లు.
తీసుందని దూరిపోతామేటి?"

ఒకసారి నేను దూరాను.
రాజాం టీచరమ్మ, గంతల వెనక చీకట్లో
ఎవరో నిలబడ్డారంది.
మీ నాన్నేమో, అన్నాను.
రెండే మాటలు.
ఏడాది పాటు నా మాటనే
తన జ్ఞాపకమనుకుంది ఆవిడ.
కన్నతండ్రి అందించిన కాఫీ ముట్టుకోలేదు.
తప్పు నాదని వెళ్ళి చెప్పాను.
చెప్పడం వీలైంది,
తీసెయ్యడం వీలవలేదు.

"అమ్మా," దానయ్య గొంతు. "సెయ్యి."
ఇచ్చాను.
వల లాగినట్టు లాగాడు,
మోచేతి దాకా, భుజం దాకా.
మణికట్టు, అన్నాను మెల్లగా,
దానయ్యా, మణికట్టు.
ఎంత లోతులో ఉన్నాడో గానీ
ఒప్పందం వినిపించింది.
వేళ్ళు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

అప్పుడడిగాడు.
తెప్ప తిరగబడిన రాత్రి,
తాడు అవతలి కొసన తమ్ముడు,
ఇవతలి కొసన వదిలేసిన చెయ్యి.
"ఆడు కోపం ఒగ్గీసినాడని సెప్పమ్మా.
నువ్వు సెప్తే నమ్ముతాను."

ఆ చివరి మాటకే భయం వేసింది.
నమ్ముతాడు.
ఏం చెప్పినా నమ్ముతాడు.
నాలుక కొసకి వచ్చేసింది క్షమ,
బెల్లం ముక్కలా, కరగడానికి సిద్ధంగా.
మింగేశాను. చనిపోయిన కుర్రాడి తరఫున
సంతకం పెట్టడానికి నేనెవర్ని?
"ఇక్కడే ఉన్నాను దానయ్యా," అన్నాను.
ఎంత పేద మాట!
సముద్రం అడిగితే చెంబు చూపించినట్టు.

ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు.
తమ్ముడి పేరు కూడా ఎత్తలేదు.
కొబ్బరి తాడు, తడిసిన తాడు,
చెయ్యి కోసిన తాడు, అని గొణిగాడు చాలాసేపు.
రాసుకున్నాను.
అర్థం రాయలేదు.
పక్కన జాగా వదిలాను, అతను వచ్చి నింపుకోడానికి.

వారం తర్వాత కోనాం చేప తెచ్చాడు,
ఐసు పెట్టెలో, నా మోచేయంత.
నా కాళ్ళ మీదికి వంగబోయాడు.
"నువ్వు మడిసివి కాదు, అమ్మోరివి."

ఒప్పేసుకోవాలనిపించింది.
ఇది రాయకపోతే మిగతాదంతా అబద్ధం.
ఆ వారం మా ఇంట్లో
ఏ పేరుతోనూ నన్నెవరూ పిలవలేదు.
కుర్చీ లాగాను. కూర్చో దానయ్యా,
అమ్మోరైతే ఫీజుకి రసీదు ఇవ్వక్కర్లేదు,
నేనివ్వాలి.
నవ్వాడు, కానీ చేప తిరిగి తీసుకోలేదు.

పంపేస్తే అవమానం, ఉంచుకుంటే బాకీ.
విశాఖలో నా పని చూసే పెద్దావిడకి ఫోన్ చేశాను.
అంతా విని అంది:
చేప సంగతి తర్వాత చూద్దాం,
ముందు నీ ఆకలి సంగతి చెప్పు.

ఐసు కరుగుతోంది.
చెప్పడం మొదలుపెట్టాను.